బైబిల్ అద్భుతాలు, ఆకాశం, సైన్స్: మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

ఆదివారం ఆరాధన అయ్యాక యూత్ మీటింగులో, వారం మధ్యలో వాట్సాప్‌లో, కాలేజీ స్టాఫ్ రూంలో కూడా ఇవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తున్నాయి. నేను సికింద్రాబాద్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను, చర్చిలో యూత్‌కి వాక్యం చెబుతాను, కాబట్టి రెండు వైపుల వాళ్ళూ నన్నే పట్టుకుంటారు. ప్రతిసారీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక అన్నీ ఒకచోట రాశాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. ముందే చెప్పేస్తున్నా: నేను విశ్వాసిని, అద్భుతాలు జరిగాయనే నమ్ముతాను. కానీ వాటిని ఏదో ఒక సైన్స్ మోడల్‌కి కట్టేసి "ప్రూవ్ అయిపోయింది" అనడం నాకు అస్సలు గిట్టదు.

## వాట్సాప్‌లో ఏదో వచ్చినప్పుడు

నాసా కంప్యూటర్‌లో ఒక రోజు తక్కువ వచ్చిందట, అది యెహోషువ కాలంలో సూర్యుడు ఆగిన రోజేనట. నిజమేనా సార్?

కాదు. ఈ కథను 1960ల చివర్లో అమెరికాలో ప్రచారంలోకి తెచ్చింది హెరాల్డ్ హిల్ అనే ఆయన, బాల్టిమోర్‌లో ఇంజిన్ల కంపెనీ నడిపేవాడు. శాస్త్రవేత్తలు గ్రహాల స్థానాలు వెనక్కి లెక్కేస్తుంటే కంప్యూటర్ ఆగిపోయిందట, వెతికితే 23 గంటల 20 నిమిషాలు యెహోషువ దగ్గర, మిగిలిన 40 నిమిషాలు నీడ వెనక్కి వెళ్ళిన హిజ్కియా రాజు దగ్గర దొరికాయట. తమకు అలాంటిదేమీ తెలియదని నాసా వాళ్ళే చెప్పారు. పైగా నాసా పుట్టకముందే, 1890లో, టాటెన్ అనే అమెరికన్ ఇదే తప్పిపోయిన రోజు లెక్కను పుస్తకంగా వేశాడు. తర్వాత వచ్చినవాళ్ళు దానికి కంప్యూటర్‌ని తగిలించారు, అంతే.

లెక్క కూడా నిలబడదు. కంప్యూటర్ ఇవాళ్టి స్థానాల నుంచి మొదలుపెట్టి సమీకరణాలతో వెనక్కి వెళుతుంది. మధ్యలో భూమి ఒక రోజు ఆగి ఉన్నా ఆ సంగతి సమీకరణాలకు తెలిసే దారే లేదు. తెలియాలంటే అప్పటివాళ్ళు ఫలానా చోట ఫలానా గ్రహణం చూశామని రాసిపెట్టి ఉండాలి. నమ్మకంగా వాడుకోదగ్గ అలాంటి రికార్డులు బబులోను నుంచి, క్రీ.పూ. 8వ శతాబ్దం దగ్గర్నుంచి మొదలవుతాయి, యెహోషువ కథ అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందుది. ఆ పాత రికార్డులతో నిజంగా తేలిన విషయం ఒకటుంది, రోజు నిడివి శతాబ్దానికి దాదాపు 1.8 మిల్లీ సెకన్ల చొప్పున పెరుగుతోందని. దాన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

అబద్ధమే అనుకుందాం అన్నా, అది చూసి నలుగురు చర్చికొస్తే నష్టమేంటి?

ఆ నలుగురి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, రెండు నిమిషాల్లో వెతికి చూసుకుంటారు. క్రీస్తు మరణ పునరుత్థానాల గురించి చెప్పిన నోటితోనే నాసా కథా చెప్పారు కాబట్టి, ఒకటి బూటకమని తేలాక రెండోదాన్ని కూడా అదే గాటన కట్టేస్తారు. ఇది కొత్త సంగతేం కాదు. ఐదో శతాబ్దంలోనే బిషప్ అగస్టీన్, ఆదికాండం మీద రాస్తూ, నక్షత్రాల గురించి, గ్రహణాల గురించి బాగా తెలిసిన అన్యుల ముందు క్రైస్తవులు లేఖనాల పేరు చెప్పి తెలిసీ తెలియని మాటలు మాట్లాడటం సిగ్గుచేటని గట్టిగానే మందలించాడు.

అద్భుతాలు అసాధ్యమని సైన్స్ తేల్చేసింది కదా, ఇంకా చర్చ ఎందుకు?

సైన్స్ తేల్చేది మామూలుగా, మళ్ళీ మళ్ళీ ఏం జరుగుతుందో. అమీర్‌పేట మెట్రో స్టేషన్లో టైమ్‌టేబుల్ చూసి రోజూ రైళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పొచ్చు, నిన్న రాత్రి ఒక స్పెషల్ నడిచిందా లేదా అన్నది అందులో ఉండదు, దానికి చూసినవాళ్ళను అడగాలి. అయితే దీని రెండో వైపు కూడా ఒప్పుకోవాలి. టైమ్‌టేబుల్లో లేదు కాబట్టి స్పెషల్ నడిచే ఉంటుంది అనడానికీ లేదు. 1748లో డేవిడ్ హ్యూమ్ అనే స్కాట్లండ్ తత్వవేత్త వేసిన ప్రశ్న సాక్ష్యం గురించే: చెప్పినవాళ్ళు పొరబడటం, జరిగిందన్న అద్భుతం కన్నా ఎక్కువ నమ్మశక్యం కానిదైతేనే ఆ సాక్ష్యాన్ని ఒప్పుకోవాలి అన్నాడు. విశ్వాసులం ఆ ప్రశ్నకి చరిత్ర వైపు నుంచి జవాబు చెప్పుకోవాలి, ల్యాబ్‌లో దొరకదు.

## వాక్యం చదువుతూ ఆగిపోయినప్పుడు

యెహోషువ సూర్యుణ్ణి ఆగమన్నాడు. తిరిగేది భూమి కదా, అంటే బైబిల్ తప్పు రాసినట్టేనా?

యెహోషువ గ్రంథం 10వ అధ్యాయంలో అతను గిబియోనులో సూర్యుణ్ణి, అయ్యాలోను లోయలో చంద్రుణ్ణి నిలవమంటాడు. యుద్ధం మధ్యలో ఉన్న మనిషి కంటికి ఎలా కనిపిస్తే అలా అన్నాడు. ఇవాళ పేపర్లో కూడా సూర్యోదయం ఎన్నింటికో వేస్తారు గానీ భూభ్రమణం అని వేయరు.

ఇప్పుడు మనం ఇంత తేలిగ్గా అనేస్తున్నాం గానీ ఒకప్పుడు దీని మీద పెద్ద రగడే అయింది. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ పుస్తకం 1543లో అచ్చయింది. అంతకు నాలుగేళ్ళ ముందే, అతని సంగతి భోజనాల దగ్గర ప్రస్తావనకొస్తే, యెహోషువ ఆగమన్నది సూర్యుణ్ణే గానీ భూమిని కాదు కదా అని లూథర్ అన్నట్టు పక్కనున్నవాళ్ళు రాసిపెట్టారు. 1613లో టస్కనీ రాజమాత క్రిస్టీనా ఇదే ప్రశ్న గెలీలియో శిష్యుడు కాస్తెల్లిని అడిగింది, అది తెలిసి గెలీలియో అతనికొక ఉత్తరం రాశాడు. అందులో నాకు బాగా నచ్చిన వాదన ఒకటుంది. భూమి మధ్యలో కదలకుండా ఉంటుందని మీరు నమ్మే టాలమీ మోడల్‌లో కూడా ఈ వాక్యం అక్షరాలా పొసగదు అన్నాడు. ఆ మోడల్‌లో రోజూ ఆకాశాన్నంతా తూర్పు నుంచి పడమరకు తిప్పేది బయటి గోళం. సూర్యుడి సొంత కదలిక దానికి ఎదురుగా, పడమర నుంచి తూర్పుకి, రోజుకి సుమారు ఒక డిగ్రీ. ఆ సొంత కదలికను ఆపితే పొద్దు పెరగదు సరికదా, రోజు ఒక నాలుగు నిమిషాలు తగ్గుతుంది! అంటే భూమి కదలదన్న పెద్దలు కూడా వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదవడం లేదు, తమకు అలవాటైన మోడల్‌ని అందులో పెట్టి చదువుతున్నారు.

తర్వాత కథ తెలిసిందే. 1616లో కోపర్నికస్ పుస్తకాన్ని పక్కన పెట్టించారు, 1633లో గెలీలియో మీద విచారణ, శిక్ష. 1992లో పోప్ రెండో జాన్ పాల్ అప్పటి వేదాంతులు పొరబడ్డారని బహిరంగంగా ఒప్పుకున్నాడు. వాక్యం అలాగే ఉంది, టాలమీ మోడలే పోయింది.

భూమి నిజంగానే ఒక్కసారి ఆగితే ఏమవుతుంది?

భూమధ్యరేఖ దగ్గర భూమి గంటకు 1670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. మన హైదరాబాద్ దగ్గర సుమారు 1590, గిబియోను దగ్గర సుమారు 1420. టక్కున ఆగితే సముద్రాలు, గాలి, ఇళ్ళు, మనుషులు అన్నీ అదే వేగంతో తూర్పుకి విసిరినట్టు పోతాయి. ఆ తిరుగుడులో ఉన్న శక్తి ఎంతంటే, సూర్యుడు అన్ని దిక్కులకూ కలిపి దాదాపు తొమ్మిది నిమిషాలు వెదజల్లే శక్తంత.

"ఆపినవాడు వీటిని కూడా పట్టుకోలేడా" అని మా చర్చిలో పెద్దలు అడుగుతారు. పట్టుకోగలడు, నాకేం పేచీ లేదు. కాకపోతే అలా అన్నాక ఫిజిక్స్ పక్కకు తప్పుకున్నట్టే, మళ్ళీ మధ్యలో సగం ఫిజిక్స్ తెచ్చి కలపకూడదు.

అది సూర్యగ్రహణమని కేంబ్రిడ్జ్ వాళ్ళు కనిపెట్టారంట?

కనిపెట్టలేదు, ప్రతిపాదించారు. 2017లో కాలిన్ హంఫ్రీస్, గ్రేమ్ వాడింగ్టన్ అనే ఇద్దరు క్రీ.పూ. 1207 అక్టోబర్ 30న కనాను ప్రాంతంలో వలయ గ్రహణం (చంద్రుడి చుట్టూ సూర్యుడు ఉంగరంలా మిగిలేది) పట్టిందని లెక్కగట్టి, ఆగింది సూర్యుడి కదలిక కాదు, వెలుగు అని వాదించారు. ఇశ్రాయేలు పేరున్న ఈజిప్టు రాజు మెర్నెప్తా శిలాశాసనంతో కాలాన్ని ముడిపెట్టారు కూడా. వాళ్ళ గ్రహణం లెక్కతో నాకు తగువు లేదు. చిక్కు వచ్చేది వాక్యంతో. గిబియోనుకి అయ్యాలోను పడమర వైపు ఉంటుంది. సూర్యుడు గిబియోను పైన, చంద్రుడు అయ్యాలోను పైన అంటే ఒకరు తూర్పున, ఒకరు పడమరన, పున్నమి దాటాక పొద్దున్నే కనిపించే ఆకాశం అది. గ్రహణానికి ఇద్దరూ ఒకేచోట ఉండాలి, అంటే అమావాస్య. ఈ రెండూ ఒక రోజున కుదరవు. పొద్దు దాదాపు ఒక రోజంతా అస్తమించలేదన్న మాటకి కూడా కొద్ది నిమిషాల వలయం చాలదు.

హిజ్కియా రాజు కోసం నీడ పది మెట్లు వెనక్కి వెళ్ళింది కదా. భూమి రివర్స్‌లో తిరిగిందా?

2 రాజులు 20వ అధ్యాయంలో, యెషయా 38లో ఉన్న సంగతి ఇది, ఆహాజు కట్టించిన మెట్ల మీద నీడ వెనక్కి జరిగింది. భూమి తిరిగిందని అక్కడ ఎక్కడా లేదు. అంతకన్నా ఆసక్తికరమైన వివరం 2 దినవృత్తాంతములు 32:31లో ఉంది, చాలామంది దాటేసి వెళ్ళిపోతారు: ఆ దేశంలో జరిగిన ఆశ్చర్యం గురించి విచారించడానికి బబులోను అధిపతులు మనుషుల్ని పంపించారట. బబులోనువాళ్ళు రాత్రీ పగలూ ఆకాశం చూసి మట్టి పలకల మీద రాసుకునేవాళ్ళు. భూమే వెనక్కి తిరిగి ఉంటే ఎవరినో పంపి కనుక్కోవలసిన అవసరం ఏముంది, వాళ్ళ ఊళ్ళోనే కనిపించేది కదా. అందుకే ఇది యెరూషలేములో, ఆ మెట్ల దగ్గర మాత్రం జరిగిన సూచనగా నేను చదువుతాను.

ఎర్ర సముద్రం పాయలవడానికి గాలి కారణమని సైంటిస్టులు చూపించారంటున్నారు, ఇక అద్భుతం ఎక్కడుంది?

2010లో కార్ల్ డ్రూస్, వెయ్‌చింగ్ హాన్ అనే ఇద్దరు అమెరికాలో కంప్యూటర్ మోడల్ చేసిన మాట నిజం. గంటకు సుమారు 100 కిలోమీటర్ల తూర్పు గాలి 12 గంటలు వీస్తే, నైలు డెల్టా తూర్పు భాగంలో రెండు మీటర్ల లోతున్న చెరువు వంపు దగ్గర నీళ్ళు వెనక్కి తోసుకుపోయి సుమారు నాలుగు గంటలు నేల తేలుతుందని తేలింది. మన కోస్తాలో తుపానుకి నీళ్ళు ఊళ్ళ మీదికి రావడం ఎరిగినవాళ్ళకు ఇదేం వింతగా ఉండదు, అక్కడ తోసుకొచ్చే గాలే ఇక్కడ తోసేసింది.

నిర్గమకాండం 14:21 కూడా రాత్రంతా బలమైన తూర్పు గాలి వీచిందనే చెబుతుంది. గాలి ఉందని ఒప్పుకోవడానికి రాసినవాడికి ఏ ఇబ్బందీ లేదు, మనకే టెన్షన్. వాళ్ళకు అద్భుతం అంటే ఆ రాత్రి, ఆ చోట, తాము ఒడ్డున ఇరుక్కుపోయి ఉన్నప్పుడు అది వీయడం. ఆ మోడల్‌ని నెత్తిన పెట్టుకునేవాళ్ళకి ఒక మాట: అది రెండు మీటర్ల నీటి సంగతి, సినిమాలో చూపించే ఆకాశమంత నీటి గోడలు అందులో లేవు. పసిపిల్లల్ని చంకనేసుకుని 100 కిలోమీటర్ల గాలిలో నడవడం ఎలాగో కూడా ఆలోచించండి.

యొర్దాను నది ఆగడం మరి?

యెహోషువ 3:16 ప్రకారం నీళ్ళు ఎగువన ఆదాము అనే ఊరి దగ్గర ఆగాయి. ఆ చోటు ఇప్పటి దామియా అంటారు. అక్కడ మట్టి గట్లు కూలి నది కొన్ని గంటలు ఆగడం 1267లో జరిగిందని అరబ్ చరిత్రకారుడు నువైరి రాశాడు, 1927 భూకంపం తర్వాత కూడా అలాంటి వార్తలే వచ్చాయి. ఇది నాకు నమ్మడానికి అన్నిటికన్నా తేలికైన అద్భుతం.

బేత్లెహేము నక్షత్రం ఏంటి, గురు శని కలిసి కనిపించడమేనా?

క్రిస్మస్ దగ్గర పడితే చాలు ఈ ప్రశ్న మొదలవుతుంది. 2020 డిసెంబర్ 21న గురు శనులు డిగ్రీలో పదో వంతు దూరంలోకి వచ్చినప్పుడు "క్రిస్మస్ నక్షత్రం తిరిగొచ్చింది" అని మన దగ్గర గ్రూపులన్నీ మోగిపోయాయి. దీన్ని మొదట గట్టిగా పట్టించుకున్నది కెప్లర్. 1603-04లో అలాంటి కలయిక చూసి, వెంటనే 1604లో ఒక సూపర్‌నోవా (పేలిపోయిన నక్షత్రం) కూడా చూసి, వెనక్కి లెక్కలు కట్టాడు. క్రీ.పూ. 7లో గురు శనులు మీనరాశిలో ఒకే ఏడాది మూడుసార్లు దగ్గరయ్యాయి. యేసు పుట్టినప్పుడు రాజుగా ఉన్న హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడని చాలామంది చరిత్రకారులు అంటారు కాబట్టి కాలం సరిపోతుంది. కానీ అప్పుడు వాటి మధ్య దూరం సుమారు ఒక డిగ్రీ, అంటే రెండు పున్నమి చందమామలు పక్కపక్కన పట్టేంత. ఎవరికీ ఒకే నక్షత్రంలా కనిపించే అవకాశం లేదు. జ్యోతిష్యం చూసే జ్ఞానులకు అది గుర్తుగా కనిపించి ఉండొచ్చు, అది వేరే వాదన.

తోకచుక్క అనేవాళ్ళూ ఉన్నారు, క్రీ.పూ. 5లో 70 రోజులకు పైగా కనిపించినదాన్ని చైనావాళ్ళు రాసిపెట్టారు. అయితే మత్తయి 2:9 దగ్గర అందరూ ఇరుక్కుంటారు. ఆ నక్షత్రం వాళ్ళ ముందు నడిచి, శిశువు ఉన్న చోటికి పైగా నిలిచింది. ఆకాశంలో ప్రతిదీ గంటకు 15 డిగ్రీలు పడమరకు జరుగుతూనే ఉంటుంది, ఏ గ్రహమూ ఒక ఇంటిని చూపించి ఆగదు. కాబట్టి మత్తయి చెప్పినట్టే తీసుకుంటే అది మామూలు ఖగోళ వస్తువు కాదు, ఖగోళ వస్తువే అనుకుంటే మత్తయి మాటను కొంత సడలించి చదవాలి. రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోండి, రెండూ కావాలంటే కుదరదు.

సిలువ వేసినప్పుడు కమ్మిన చీకటి సూర్యగ్రహణమేనా?

కాదు, ఇది ఇంటర్ కుర్రాడు కూడా పంచాంగం చూసి తేల్చేయగలడు. సిలువ పస్కా పండగ రోజుల్లో జరిగింది, పస్కా పున్నమికి వస్తుంది. సూర్యగ్రహణం అమావాస్యకి తప్ప పట్టదు. అదొక్కటే చాలు, అయినా రెండోది కూడా చూడండి. సువార్తల్లో చీకటి మధ్యాహ్నం నుంచి మూడింటి వరకు, మూడు గంటలు. సంపూర్ణ గ్రహణంలో చీకటి ఎంత సాగినా ఏడున్నర నిమిషాలు దాటదు. 2027 ఆగస్టు 2న ఈజిప్టులో లక్సర్ దగ్గర రాబోయేదాన్ని చాలా పొడుగు గ్రహణమని అందరూ అంటున్నారు, అది కూడా ఆరున్నర నిమిషాల లోపే. మన పెద్దవాళ్ళని 1980 ఫిబ్రవరి 16 గురించి అడగండి. రంగాపూర్‌లో ఉస్మానియా అబ్జర్వేటరీ మీదుగా సంపూర్ణ గ్రహణం వెళ్ళింది, రోడ్లన్నీ నిర్మానుష్యం, తలుపులు బిడాయించుకుని కూర్చున్నారు జనం. అంత హడావుడికీ చీకటి ఉన్నది సుమారు రెండు నిమిషాలు.

క్రీ.శ. 33 ఏప్రిల్ 3న చంద్రగ్రహణం పట్టిందని, ఆ సాయంత్రం యెరూషలేములో చంద్రుడు గ్రహణంతోనే ఉదయించాడని లెక్కలు చెబుతాయి. చంద్రుడు రక్తంగా మారడం గురించి పేతురు అపొస్తలుల కార్యములు 2లో అన్న మాటకు దీన్ని ముడిపెట్టేవాళ్ళున్నారు. అది పట్టింది సాయంత్రం, దానికీ మధ్యాహ్నపు చీకటికీ సంబంధం లేదు. ఆ చీకటికి దుమ్ము తుపానో, దట్టమైన మబ్బో కారణం అనుకోవచ్చు, నేరుగా దేవుడి చర్య అనుకోవచ్చు. గ్రహణం అని మాత్రం పుల్పిట్ మీద నుంచి అనకండి.

## ఆదికాండం, బిగ్ బ్యాంగ్ దగ్గర

వెలుగు మొదటి రోజు, సూర్యుడు నాలుగో రోజు. ఇదెలా సాధ్యం?

ఖగోళ శాస్త్రం పాఠంలా చదివితే సాధ్యం కాదు. ఇది కనిపెట్టడానికి మనం పుట్టనక్కర్లేదు, అగస్టీన్ కూడా సూర్యుడు లేని ఆ మూడు రోజులు ఎలాంటివో అని తల పట్టుకున్నాడు. 16వ శతాబ్దంలో ప్రొటెస్టంట్ వేదాంతి కాల్విన్ నేరుగానే చెప్పాడు: శని చంద్రుడి కన్నా పెద్దదని జ్యోతిశ్శాస్త్రజ్ఞులు నిరూపిస్తారు, అయినా మోషే చంద్రుణ్ణే గొప్ప జ్యోతి అన్నాడు, ఎందుకంటే మామూలు జనం కంటికి కనిపించేదే రాశాడు, ఖగోళం నేర్చుకోవాలంటే వేరే చోటికి వెళ్ళండి అని. పైన నీళ్ళు, మధ్యలో విశాలం, వాన కురిపించే ఆకాశపు తూములు, ఇదంతా ఆనాటి పశ్చిమాసియా మనుషులు ఊహించుకున్న లోకం. వాళ్ళకు తెలిసిన లోకం బొమ్మలోనే వాళ్ళకు చెప్పాల్సింది చెప్పారు. దాంట్లో మన లోకం బొమ్మ కోసం వెతకడం వల్లే ఈ గొడవలన్నీ.

బిగ్ బ్యాంగ్ అంటే "ఆదియందు" నిరూపణ అయినట్టే కదా? దాన్ని చెప్పింది కూడా ఫాదరే అంటగా?

ఫాదరే. జార్జ్ లెమైత్ర్, బెల్జియం కతోలిక గురువు. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో రాశాడు, 1931లో ఆదిమ అణువు ఆలోచన చెప్పాడు. బిగ్ బ్యాంగ్ అనే పేరు మాత్రం ఆ సిద్ధాంతం గిట్టని ఫ్రెడ్ హోయల్ 1949లో రేడియోలో అన్న మాట. మన జయంత్ నార్లీకర్ ఆ హోయల్‌తో కలిసే ఏళ్ళ తరబడి ఇంకో మోడల్ మీద పనిచేశారు.

1951లో పోప్ పన్నెండో పయస్ ఈ సిద్ధాంతాన్ని సృష్టికి సాక్ష్యంలా ప్రస్తావిస్తే, లెమైత్ర్‌కే అది నచ్చలేదు. దేవుణ్ణి నమ్మేవాడికీ నమ్మనివాడికీ సిద్ధాంతం ఒకటే కావాలన్నది ఆయన పట్టుదల. ఆయన జాగ్రత్త సరైనదే. బిగ్ బ్యాంగ్ మోడల్ చెప్పేది, 1380 కోట్ల ఏళ్ళ కిందట విశ్వం చాలా వేడిగా, చాలా చిక్కగా ఉండి అక్కడి నుంచి వ్యాకోచించిందని. శూన్యం నుంచి ఎలా వచ్చింది, ఎవరు తెచ్చారు అన్నది అందులో లేదు. 1965లో దొరికిన మైక్రోవేవ్ వెలుగు ఆ వేడికి సాక్ష్యం, దేవుడికి కాదు. రేపు మోడల్ మారితే ఏం చేస్తారు, ఆదికాండాన్ని కూడా మారుస్తారా?

భూమి వయసు 6000 ఏళ్ళే అని మా పాస్టర్ గారు అంటారు. మరి 450 కోట్లు అని టెక్స్ట్‌బుక్‌లో ఉంది?

6000 అన్న లెక్క బైబిల్లో ఎక్కడా అంకెగా లేదు. ఐర్లాండ్ ఆర్చ్‌బిషప్ అషర్ 1650లో వంశావళులు కలిపి, సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని తేల్చాడు. తర్వాత ఇంగ్లిష్ బైబిళ్ళ పక్క మార్జిన్లలో ఆ సంవత్సరాలు అచ్చు వేయడంతో అది వాక్యంలో భాగమన్నట్టు జనం తలకెక్కింది.

ఒకసారి ఖాజాగూడ గుట్టలెక్కి అక్కడి బండ మీద చెయ్యి పెట్టండి. గులాబీ, బూడిద రంగుల గింజలు కలిసిన గ్రానైట్ అది, పైన పొరలు పొరలుగా పెచ్చులు లేస్తుంటుంది. మన హైదరాబాద్ గ్రానైట్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. అలాంటి రాతిలో జిర్కాన్ అనే చిన్న స్ఫటికాలు ఉంటాయి, వాటిలో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచి వయసు కడతారు. దేవుడు రాయిని పాతగా కనిపించేటట్టు చేశాడు అంటారా, అనొచ్చు, ఎవరూ కాదని నిరూపించలేరు. కానీ అప్పుడు దేవుడు రాతిలో జరగని చరిత్ర రాసినట్టు అవుతుంది, అది నాకు అబద్ధం ఆడినట్టే అనిపిస్తుంది, అలాంటి దేవుణ్ణి నేను బైబిల్లో చూడలేదు.

భూమి శూన్యంలో వేలాడుతోందని యోబు గ్రంథం ముందే చెప్పింది కదా. ఇది సైన్స్ కాదా?

యోబు 26:7 అద్భుతమైన కవిత్వం. కానీ నాలుగు వాక్యాలు దాటితే అక్కడే ఆకాశానికి స్తంభాలున్నాయి, 38వ అధ్యాయంలో భూమికి పునాదులు, మూలరాయి ఉన్నాయి. ఒక వాక్యాన్ని ఏరుకుని మిగతావి కవిత్వం అనడం న్యాయం కాదు. భూలోకం కదలదన్న కీర్తనలను ఇలాగే ఏరుకుని గెలీలియో మీద ప్రయోగించారు.

క్వాంటం ఫిజిక్స్‌తో, డార్క్ మేటర్‌తో అద్భుతాలు వివరించొచ్చా?

వద్దు. నీళ్ళ మీద నడకకి క్వాంటం టన్నెలింగ్ అని చెప్పిన ఒక స్పీకర్‌ని విన్నాను, ఆయనకి రెండిట్లో ఏదీ తెలియదు. విశ్వంలో మామూలు పదార్థం సుమారు 5 శాతమే, మిగతాది ఏంటో ఇంకా తెలియదు, నిజమే. తెలియని చోటల్లా దేవుణ్ణి కూర్చోబెడితే తెలిసిన రోజున ఆయన్ని లేపాల్సి వస్తుంది.

## ఇంట్లో, ఆఫీసులో, చర్చిలో మాట్లాడాల్సి వచ్చినప్పుడు

చర్చి మొదటి నుంచీ సైన్స్‌కి అడ్డమే కదా?

గెలీలియో విషయంలో అవును. అన్నిచోట్లా కాదు, మన ఊరి ఉదాహరణే ఉంది. 1887లో ప్యారిస్‌లో మొదలైన ఒక పెద్ద పనిలో ప్రపంచంలోని సుమారు ఇరవై అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని ఫోటోలు తీశాయి. ఉత్తరాన ఒక పట్టీ వాటికన్ అబ్జర్వేటరీకి వచ్చింది, దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీకి వచ్చింది. వాటికన్‌లో 1910 నుంచి 1921 వరకు నలుగురు సిస్టర్లు ఆ గాజు ఫలకాల మీద కూర్చుని, ఒకరు మైక్రోస్కోప్‌లో చూసి అంకెలు చదువుతుంటే ఇంకొకరు రాసుకుంటూ, 4,81,215 నక్షత్రాల స్థానాలు కొలిచారు. అదే జాబితా కోసం ఇక్కడ బేగంపేటలో, నిజాం జీతమిచ్చిన ఉద్యోగులు కొలతలు తీశారు. పోపు గారి సిస్టర్లూ నిజాం గుమాస్తాలూ ఒకే పనిలో ఉన్నారన్నది ఆలోచిస్తేనే నాకు ముచ్చటేస్తుంది. నిజామియా పాత కట్టడం ఇప్పటికీ అక్కడ సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) ఆవరణలో ఉంది.

మా బాబు ఎంపీసీలో చేరినప్పటి నుంచి చర్చికి రానంటున్నాడు. ఏం చెప్పాలి బ్రదర్?

ముందు ఏ ఫార్వర్డూ పంపకండి. ఏ విషయం దగ్గర ఆగిపోయాడో అడగండి. చాలాసార్లు అది దేవుడు ఉన్నాడా లేడా అని ఉండదు, సండే స్కూల్లో 6000 ఏళ్ళు అని కచ్చితంగా చెప్పిన టీచర్ మీద కోపం ఉంటుంది. రెండిట్లో ఒకటే ఎంచుకో అని మీరు అంటే వాడు ఎంపీసీనే ఎంచుకుంటాడు, ఎందుకంటే దానికి పరీక్ష ఉంది. మీకు జవాబు తెలియకపోతే తెలియదు అనండి, పిల్లలు దానికి ఏమీ అనుకోరు.

ఆఫీసులో ఫ్రెండ్ అడిగాడు: సైంధవుణ్ణి చంపించడానికి కృష్ణుడు సూర్యుణ్ణి మరుగుపరిచాడు, సుమతి పొద్దు పొడవకుండా ఆపింది. అవి కథలు, మీ యెహోషువది మాత్రం చరిత్రా?

చాలా న్యాయమైన ప్రశ్న, తప్పించుకోకండి. వాళ్ళలో కూడా సైంధవుడి ఘట్టానికి గ్రహణం తేదీ వెతికేవాళ్ళున్నారు, మనవాళ్ళు చేసే పనే అది. ఆకాశం ఆగడాన్ని ఫిజిక్స్‌తో కొలిచేటట్లయితే మూడిటినీ ఒకే కొలబద్దతో కొలవాలి, మనదానికి మాత్రం రాయితీ ఉండదు. నేను యెహోషువ కథని నమ్మేది అది ఫిజిక్స్‌లో నెగ్గింది కాబట్టి కాదు, క్రీస్తుని బట్టి, ఆయన చదివిన లేఖనాలను బట్టి. ఇది మీ ఫ్రెండ్‌ని ఒప్పించే వాదన కాదు, నాకు తెలుసు. కనీసం ఆయన నమ్మకాన్ని వెక్కిరించకుండా మన నమ్మకం చెప్పినట్టు ఉంటుంది.

యూత్‌కి దీని మీద ఒక సెషన్ పెట్టాలనుకుంటున్నాం. ఎలా చేయమంటారు?

స్పీకర్‌ని పిలవకండి, ల్యాప్‌టాప్ తెండి. స్టెల్లేరియం అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో ఊరు యెరూషలేం పెట్టి పిల్లలతోనే ఆకాశాన్ని వెనక్కి తిప్పించండి. క్రీ.శ. 33 ఏప్రిల్ 3 సాయంత్రం చంద్రోదయం చూపించండి, పున్నమినాడు సూర్యగ్రహణం ఎందుకు పట్టదో నోటితో చెప్పక్కర్లేకుండా వాళ్ళకే అర్థమవుతుంది. తర్వాత గురు శనుల దగ్గరికి వెళ్ళండి. అక్కడ ఒక తిరకాసు ఉంది: ఖగోళ లెక్కల్లో సున్నా సంవత్సరం ఉంటుంది, చరిత్ర లెక్కలో ఉండదు, కాబట్టి క్రీ.పూ. 7 కావాలంటే సంవత్సరం దగ్గర మైనస్ 6 అని కొట్టాలి. మే చివర్లో ఒకసారి, సెప్టెంబర్ చివర్లో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి ఆ రెండు గ్రహాలూ దగ్గరకొస్తాయి. మధ్య దూరం ఎంతో పిల్లల్నే కొలవమనండి.